ఇంటి పెరట్లో స్టూడియో

ఘంటసాల రోజుల్లో మదరాసులో పాట రికార్డింగంటే గాయకులూ వాద్యబృందమూ ఒకే హాలులో, ఒకే వేళ పాడి వాయించడమే. చివరి చరణంలో ఒక్క ఫిడేలు తడబడినా అందరూ మళ్ళీ ఎత్తుకోవలసి వచ్చేది. తరవాత అనేక ట్రాకుల టేపు వచ్చింది. తబలా ఒక ట్రాకు మీద, గొంతు మరొక దాని మీద. యుగళగీతం పాడే ఇద్దరూ ఒకరి ముఖమొకరు చూడనక్కరలేదు!

రాజ్-కోటి వంటి మన సంగీత దర్శకుల దగ్గర కీబోర్డు వాయించిన ఎ.ఆర్. రహమాన్ 1989లో కోడంబాకంలో తన ఇంటి పెరట్లోనే పంచతన్ రికార్డ్ ఇన్ కట్టుకున్నాడు. 1992లో 'రోజా' వచ్చింది. గంటల లెక్కన అద్దె కట్టే స్టూడియోలో తొందర తప్పదు. సొంత గదిలో ఒక్క ధ్వని కోసం రాత్రంతా కూచోవచ్చు. ట్రాకుల హెచ్చుతగ్గులు సరిచూసి కలపడం మిక్సింగు. కలిసిన పాటకు క్యాసెట్టుకో సీడీకో తగిన తుదిమెరుగు దిద్దడం మాస్టరింగు. కంప్యూటరు వచ్చాక ఈ రెండూ ఒక బల్ల మీదికి చేరాయి.

అయితే ఫిడేళ్ళ వెనక వరుసవారికి పిలుపులు తగ్గాయి. చిత్రపరిశ్రమ హైదరాబాదు తరలినా ఇక్కడే నిలిచిపోయిన మన వాద్యకారులూ అందులో ఉన్నారు. పాత రికార్డుల అట్టల మీద వారి పేర్లు సాధారణంగా కనబడవు. వడపళని చుట్టుపక్కల ఆ పేర్లు చెప్పగల పెద్దలు ఉండగానే అడిగి రాసుకోవాలి.