చేతి పంపకం నుంచి పైప్‌లైన్ వరకు: సాఫ్ట్‌వేర్ విడుదల చరిత్ర

సాంకేతిక చరిత్ర చదివేటప్పుడు చాలామంది 'దీన్ని ఎవరు, ఎప్పుడు కనిపెట్టారు?' అన్న ప్రశ్నతో మొదలుపెడతారు. ఈ భాగంలో మీరు వేసుకోవలసిన ప్రశ్న వేరు. ఒకచోట రాసిన ప్రోగ్రాంను అది పనిచేయవలసిన కంప్యూటర్లకు క్షేమంగా చేర్చడం ఎందుకంత కష్టమైంది? కంటైనర్లు, మైక్రోసర్వీసులు, పైప్‌లైన్లు అనే మాటలన్నీ ఈ ఒక్క ప్రశ్న చుట్టూ పుట్టినవే.

ఒక ఉదంతం చూడండి. అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ల వ్యాపార సంస్థ 2012 ఆగస్టు 1 నాటికి కొత్త ప్రోగ్రాంను సిద్ధం చేసుకుంది. దాన్ని ఎనిమిది సర్వర్లలో ఎక్కించాలి. ఆ పని చేసిన సాంకేతిక ఉద్యోగి ఒక సర్వర్‌లో కొత్త కోడ్‌ను కాపీ చేయలేదు. రెండో మనిషి సరిచూడలేదు. సరిచూడాలన్న నియమం కూడా ఆ సంస్థలో లేదు. మిగిలిపోయిన ఆ సర్వర్‌లో ఏళ్ల కిందటే వాడకం మానేసిన పాత కోడ్ ఇంకా ఉంది. కొత్త కోడ్‌ను పనిలోకి దించే సంకేతమే అక్కడ ఆ పాత కోడ్‌ను నిద్రలేపింది. ఖాతాదారులు ఇచ్చిన 212 చిన్న ఆర్డర్లకుగాను సుమారు 45 నిమిషాల్లో 40 లక్షలకు పైగా లావాదేవీలు జరిగిపోయాయి. నష్టం 46 కోట్ల డాలర్లు దాటింది. మార్కెట్ తెరవకముందే లోపాన్ని సూచించే 97 ఈమెయిళ్లు సిబ్బందికి వెళ్లాయి, కానీ వాటిని హెచ్చరికలుగా ఎవరూ పట్టించుకోలేదు. గాభరాలో సిబ్బంది, సరిగా ఉన్న ఏడు సర్వర్ల నుంచి కొత్త కోడ్‌ను తీసివేశారు. దాంతో రోగం ఎనిమిదింటికీ పాకింది. మరుసటి ఏడాది ఆ సంస్థ గెట్కో అనే మరో సంస్థలో కలిసిపోయింది.

నియంత్రణ సంస్థ ఉత్తర్వులో నమోదైన ఈ వివరాలు చదివి ఆ ఉద్యోగిని తప్పుపట్టడం తేలిక. చరిత్ర విద్యార్థులు మాత్రం అక్కడ ఆగకూడదు. చేత్తో ఎనిమిదిసార్లు చేయవలసిన పనిలో ఒకసారి మరపు రావడం మానవ సహజం. ఆ మరపునకు చోటిచ్చిన పద్ధతిని పరిశీలించాలి.

అంతకంటె మంచి పద్ధతి అప్పటికే ఉంది. అందరి కోడ్‌ను తరచుగా ఒకచోట కలిపి పరీక్షించాలన్న ఆలోచన 1990లలో ఎక్‌స్ట్రీమ్ ప్రోగ్రామింగ్ వర్గంలో బలపడింది. 2001లో క్రూజ్‌కంట్రోల్ అనే పనిముట్టు వచ్చింది. సన్ మైక్రోసిస్టమ్స్‌లో పనిచేసిన కోసుకే కవాగుచి రూపొందించిన హడ్సన్ 2005లో విడుదలై, ఒరాకిల్‌తో పేరు విషయమై వచ్చిన వివాదం వల్ల 2011లో జెంకిన్స్‌గా మారింది. పైప్‌లైన్ అంటే మరేమీ కాదు: కోడ్ మారగానే యంత్రమే దాన్ని తీసుకుని, ప్రోగ్రాంను తయారుచేసి, పరీక్షలు నడిపి, నెగ్గితేనే అన్ని సర్వర్లకూ ఒకే ప్రతిని పంపుతుంది. ఒక్క మెట్టు తప్పినా అక్కడే ఆగిపోతుంది. జ్ఞానం పుట్టడం ఒకటి, అది వాడుకలోకి రావడం మరొకటి. ఈ రెండింటి మధ్య దూరాన్ని నైట్ ఉదంతం చూపిస్తుంది.

ఇక పంపే వస్తువు సంగతి. 'నా కంప్యూటర్‌లో పనిచేసింది, అక్కడ పనిచేయలేదు' అన్నది ప్రోగ్రామర్ల పాత ఫిర్యాదు. దీనికి మందు ప్రోగ్రాంతోపాటు దానికి కావలసిన ఫైళ్లన్నిటినీ ఒకే పెట్టెలో కట్టడం. విశాఖ రేవులో మీరు చూసే ఇనుప కంటైనర్లు గుర్తుచేసుకోండి. 1956లో మాల్కమ్ మెక్లీన్ అటువంటి 58 పెట్టెలను ఓడకెక్కించి న్యూవార్క్ నుంచి హ్యూస్టన్‌కు పంపాడు. పెట్టె అప్పటికి కొత్త వింత కాదు. ఓడ, లారీ, క్రేను అన్నీ ఒకే కొలతకు కుదురుకోవడమే ఆ తరువాత రవాణాను మార్చింది.

సాఫ్ట్‌వేర్‌లోనూ అదే జరిగింది. ఒక ప్రోగ్రాంకు ఫైళ్లలో కొంత భాగాన్నే కనబడనిచ్చే 'సీహెచ్‌రూట్' 1979 నాటి యూనిక్స్‌లోనే ఉంది. 2000లో ఫ్రీబీఎస్‌డీ 'జైళ్లు' వచ్చాయి. ప్రోగ్రాంల గుంపు వాడే మెమరీకి, ప్రాసెసర్‌కు హద్దులు పెట్టే 'సీగ్రూప్స్' గూగుల్ ఇంజనీర్ల కృషితో 2008 జనవరిలో విడుదలైన లినక్స్‌లో చేరింది. వర్చువల్ మెషీన్ తన సొంత ఆపరేటింగ్ సిస్టమ్‌ను మోసుకొస్తుంది. కంటైనర్ అలా కాదు. ఒకే పునాది మీద వేర్వేరు వాటాల్లో కాపురముండేవారిలాగ, కంటైనర్లన్నీ ఒకే కెర్నెల్‌ను పంచుకుంటాయి. అందుకే తేలిక. 2013 మార్చిలో సాలమన్ హైక్స్ ఒక పైథాన్ సదస్సులో అయిదు నిమిషాల ప్రసంగంలో డాకర్‌ను పరిచయం చేశాడు. నా దృష్టిలో డాకర్ కొత్తగా కనిపెట్టినది తక్కువ. పెట్టె కట్టే తీరును ఎవరైనా నేర్చుకోగలిగేలా చేయడమే దాని ఘనత.

పాఠ్యగ్రంథాల్లో తరచు కనిపించే ఒక పొరపాటును ఇక్కడ గమనించండి. కంటైనర్ల వల్లే మైక్రోసర్వీసులు పుట్టాయని కొందరు రాస్తారు. కాలక్రమం దానికి ఒప్పుకోదు. 2008 ఆగస్టులో నెట్‌ఫ్లిక్స్ డేటాబేస్ చెడిపోయి మూడు రోజులు డీవీడీలు పంపలేకపోయింది. ఆ దెబ్బతో ఆ సంస్థ, 2006లో మొదలైన అమెజాన్ అద్దె కంప్యూటర్ల మీదికి మారుతూ, ఒకే పెద్ద ప్రోగ్రాంను చిన్న చిన్న సేవలుగా విడగొట్టింది. 2016 జనవరికి గాని ఆ మార్పు ముగియలేదు. డాకర్ పుట్టేనాటికి ఈ పని సగం దారి దాటింది. అయితే సేవలు వందలయ్యాక వాటిని ఏ యంత్రంలో పెట్టాలో, పడిపోతే ఎలా లేపాలో చూసే సరంగు కావలసివచ్చాడు. తన సొంత 'బోర్గ్' అనుభవంతో గూగుల్ 2014లో ప్రకటించిన కుబర్నెటీస్ పేరుకు గ్రీకులో అర్థం సరంగు అనే.

ఈ కథను ఏకముఖ పురోగతిగా చదవకండి. 2023లో అమెజాన్ ప్రైమ్ వీడియోలోని ఒక బృందం, వీడియో నాణ్యతను పరిశీలించే తమ వ్యవస్థలో విడివిడి భాగాలను తిరిగి ఒకే ప్రోగ్రాంలో కలిపి, ఖర్చును 90 శాతం తగ్గించుకున్నామని ప్రకటించింది. నైట్ సంగతీ అంతే: పైప్‌లైన్ ఉండి ఉంటే ఎనిమిది సర్వర్లలోనూ ఒకే ప్రతి ఉండేది. కానీ వాడకం లేని కోడ్‌ను ఏళ్ల తరబడి తీసివేయకుండా ఉంచిన అలవాటును ఏ పైప్‌లైన్ మాన్పించి ఉండేది? మీ అసైన్‌మెంట్‌లో ఈ ప్రశ్నకు ఒక పేజీకి మించకుండా సమాధానం రాయండి.