చండీపురా మెదడువాపు: 2003 నాటి విషాదం, పరిశోధన

చండీపురా మెదడువాపు ఎక్కువగా పదిహేనేళ్ల లోపు పిల్లలకు సోకే తీవ్రమైన మెదడు జబ్బు. దీనికి కారణమైన వైరస్‌ది తూటా ఆకారం. రేబిస్ వైరస్ కూడా దీని కుటుంబానిదే. 1965లో నాగ్‌పూర్ దగ్గరి చండీపురా గ్రామంలో జ్వరపీడితుల రక్తం నుంచి పుణె శాస్త్రజ్ఞులు భట్, రోడ్రిగ్స్ దీన్ని మొదటిసారి వేరుచేశారు. ఆ రోజుల్లో అందరి దృష్టీ డెంగీ, చికున్‌గున్యాల మీదే ఉండటంతో ఈ కొత్త వైరస్ మామూలు జ్వరాల జాబితాలో ఒక పేరుగా మిగిలిపోయింది. 1980లో మధ్యప్రదేశ్‌లో మెదడు జబ్బు సోకినవారి రక్తంలో కనిపించినా పెద్దగా పట్టించుకున్నవారు లేరు.

అది అసలు రూపం చూపించింది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, 2003 వానాకాలం మొదట్లో. జూన్ నుంచి ఆగస్టు దాకా 329 మంది పిల్లలు మెదడువాపుతో ఆసుపత్రుల పాలయ్యారు. వారిలో 183 మంది చనిపోయారు. అంటే నూటికి 55 మందికి పైగా. కరీంనగర్, వరంగల్ జిల్లాలు ఎక్కువగా దెబ్బతిన్నాయి. ఉన్నట్టుండి జ్వరంతో ఒళ్లు పేలిపోవడం, వాంతులు, ఫిట్స్, ఆపైన స్పృహ తప్పడం: చాలామంది విషయంలో ఇదంతా ఒకటి రెండు రోజుల్లోనే ముగిసిపోయింది. తల్లిదండ్రులు ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించి, అక్కడి నుంచి పట్నం ఆసుపత్రికి చేరేలోపే సగం వ్యవధి గడిచిపోయేది.

ఈ వేగమే పరిశోధకులకూ అడ్డంకి అయింది. జపనీస్ మెదడువాపేమోనన్న అనుమానం ముందుగా వచ్చింది గానీ పరీక్షలు దాన్ని బలపరచలేదు. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ ఆరుగురు పిల్లల నమూనాల నుంచి చండీపురా వైరస్‌ను పెంచగలిగింది. తొమ్మిది మంది నమూనాల్లో దాని ఆర్‌ఎన్‌ఏ, చనిపోయిన ఒక బిడ్డ మెదడు కణజాలంలో వైరస్ జాడ దొరికాయి. ఈ ఫలితాలు 2004 సెప్టెంబరులో ‘లాన్సెట్’ పత్రికలో వచ్చాయి. రక్తంలో ఐజీఎం యాంటీబాడీలు జబ్బు మొదలైన నాలుగు రోజుల తర్వాత తీసిన నమూనాల్లోనే ఎక్కువగా కనిపించాయని అదే వ్యాసం చెబుతుంది. నాలుగో రోజు దాకా బతకని బిడ్డకు ఆ పరీక్ష చేసి ప్రయోజనమేమిటి? మెదడువాపును యాంటీబాడీలతో నిర్ధారించే పాత పద్ధతి ఇక్కడ చాలదని, తొలి గంటల్లోనే పీసీఆర్ పరీక్షతో వైరస్ ఆర్‌ఎన్‌ఏను వెతకాలని తేలింది.

ఇది చండీపురా మెదడువాపేనని అందరూ ఒప్పుకోలేదు. ఇది మెదడువాపే కాదని, మెదడు రక్తనాళాలు దెబ్బతిని వచ్చే పక్షవాతం లాంటిదని హైదరాబాద్‌లోని కొందరు పిల్లల వైద్యులు వాదించారు. స్కానింగ్‌లో రక్తప్రసరణ ఆగిన భాగాలు కనబడటం, వెన్నునీటిలో కణాలు అంతగా పెరగకపోవడం వారి ఆధారాలు. వారు దీన్ని ‘బ్రెయిన్ ఎటాక్’ అన్నారు. పడక పక్కన నిలబడి చూసినవారి మాట ప్రయోగశాల నివేదిక కన్నా తక్కువదేమీ కాదు. 329 మందిలో కొద్దిమందిలోనే వైరస్ నేరుగా దొరికింది కాబట్టి ఆ సందేహానికి చోటుంది. లాన్సెట్ వ్యాసకర్తలు సైతం ‘సంబంధం ఉంది’ అన్నారే తప్ప ప్రతి మరణానికీ ఇదే కారణమనలేదు.

ఏ జబ్బో తేల్చుకోవాల్సిన ఈ చిక్కుముడి విశాఖపట్నంలో మరో రకంగా ఎదురవుతుంది. ఉత్తరాంధ్రకు, దక్షిణ ఒడిశాకు పెద్ద దిక్కయిన కింగ్ జార్జ్ ఆసుపత్రికి, అంటే జనం నోట కేజీహెచ్‌కు, పాడేరు, అరకు కొండల నుంచి కూడా రోగులు వస్తారు. మన్యంలో ఫాల్సిపారం మలేరియా పాత కాపు. జ్వరంతో, ఫిట్స్‌తో స్పృహ లేని బిడ్డను తెస్తే అది మెదడుకెక్కిన మలేరియా కావచ్చు, క్షయ మెనింజైటిస్ కావచ్చు, వైరస్ మెదడువాపూ కావచ్చు. అందుకే ముందు రక్తపు చుక్కను గాజుపలక మీద పూసి మలేరియా క్రిమి కోసం చూస్తారు, చక్కెర పడిపోయిందేమో చూస్తారు, మెదడు వాపు మరీ ఎక్కువగా లేదనుకుంటే వెన్నునీరు తీస్తారు. మలేరియాకు, క్షయకు మందులున్నాయి. చండీపురాకు లేవు.

ఉన్నదల్లా ఆసరా చికిత్సే: ఫిట్స్ ఆపడం, మెదడు ఒత్తిడి తగ్గించడం, శ్వాస నిలబెట్టడం. ఇక ఈ వైరస్‌ను మోసుకొచ్చేది ఇసుక ఈగ. దోమకన్నా చిన్నది, గోడ పగుళ్లలో, పశువుల కొట్టాల్లో దాక్కుంటుంది, ఎక్కువ దూరం ఎగరలేదు. మట్టిగోడల పగుళ్లు పూడ్చడం, కొట్టాల్లో మందు చల్లడం నివారణ పనులు. ప్రయోగశాలలో టీకా ప్రయత్నాలు జరిగినా 2024 వేసవి నాటికి ఏదీ వాడుకలోకి రాలేదు. ఆ ఏడాది జూన్ నుంచి ఆగస్టు 15 వరకు దేశంలో, ఎక్కువగా గుజరాత్‌లో, 245 మెదడువాపు కేసులు నమోదై 82 మంది చనిపోయారు. ఆ 245 కేసుల్లో 64 మందికి చండీపురా సోకినట్టు నిర్ధారణ అయింది.