సరిహద్దు కోటలో సెలవు చీటీలు

హాజరుపట్టీ, సెలవు చీటీ, సర్వీసు రిజిస్టరు – మన ఉద్యోగ జీవితమంతా వీటి మధ్యనే గడిచింది. సుమారు 1,900 ఏళ్ల క్రితం రోమన్ సైనికులకు కూడా ఈ కాగితాల బాధ తప్పలేదంటే మిత్రులకు ఆశ్చర్యం కలగవచ్చు.

ఇంగ్లండు ఉత్తర ప్రాంతంలో విండోలాండా అనే రోమన్ కోట ఉంది. క్రీ.శ. 85 ప్రాంతంలో దీనిని మొదట కొయ్యతో కట్టారు. దీనికి దగ్గరలోనే హేడ్రియన్ చక్రవర్తి 122లో సుమారు 118 కిలోమీటర్ల పొడవైన సరిహద్దు గోడ మొదలుపెట్టాడు. గోడకంటే కోటే ముందుది.

1973లో రాబిన్ బర్లీ అనే పురావస్తు పరిశోధకుడు అక్కడ తవ్వుతుండగా పోస్టుకార్డంత పలుచని చెక్క పలకలు బయటపడ్డాయి. వాటి మీద సిరాతో లాటిన్ రాత! గాలి సోకని తడిమట్టి వాటిని కాపాడింది. తర్వాతి తవ్వకాలతో కలిపి వెయ్యికి పైగా దొరికాయి.

ఒకటి మే 18 నాటి హాజరు లెక్క. దళం బలం 752. బయట డ్యూటీలో 456 మంది. కోటలో మిగిలింది 296. వారిలోనూ 31 మంది పనికి రాని స్థితిలో ఉన్నారు – 15 మందికి జబ్బు, ఆరుగురికి గాయాలు, పది మందికి కళ్లకలక! సెలవు కోరుతూ పై అధికారికి పెట్టుకున్న దరఖాస్తులు కూడా అనేకం ఉన్నాయి. ఇంకొక ఉత్తరంలో ఎవరికో పంపిన మేజోళ్లు, లోదుస్తుల లెక్క ఉంది.

అన్నిటికంటే మనసుకు హత్తుకునేది క్లాడియా సెవెరా ఉత్తరం. ఆమె మరో కోట అధికారి భార్య. సెప్టెంబరు 11న తన పుట్టినరోజుకు రమ్మని విండోలాండా అధికారి భార్య లెపిడినాను పిలిచింది. ఉత్తరం లేఖకుడు రాశాడు. చివర ఆప్యాయంగా నాలుగు మాటలు ఆమె స్వయంగా రాసింది. లాటిన్‌లో స్త్రీ చేతిరాతకు మనకు తెలిసిన తొలి ఉదాహరణల్లో ఇదొకటి. ఇప్పుడది బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.

ఒక దళం బదిలీపై వెళ్లిపోతూ ఈ పలకల్లో కొన్నిటిని మంటలో వేసింది. వాన వచ్చి మంట ఆరి ఉంటుందని పరిశోధకుల ఊహ. పనికిరావని పారేసిన కాగితాలే ఈనాడు ఆ మామూలు మనుషుల కష్టసుఖాలు చెబుతున్నాయి.

మన ఇళ్లలో అటక మీద ఉన్న పాత ఉత్తరాలు, ఉద్యోగపు కాగితాలు కూడా తగలబెట్టే ముందు మనవలకు ఒకసారి చూపిద్దాం.