ముందే అందిన కబురు



పోయిన ఆదివారం ఆరాధన అయిపోయాక, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ సంఘంలోని ఒక పెద్దమ్మ మమ్మల్ని ఆపింది. ఆమె చిన్న కొడుకు అమెరికాలో ఉన్నాడు. "అయ్యగారూ, అక్కడ కాగితాలు లేనోళ్లను పట్టుకోవడానికి ఆఫీసర్లు వస్తున్నారని ముందే ఎవరో బయటపెడుతున్నారంట. ఆ చెప్పినోళ్లను గవర్నమెంటు వెతుకుతోందంట. ఆపదలో ఉన్నోడికి ముందుగా ఒక మాట చెప్పడం తప్పా అయ్యగారూ?" అని అడిగింది. అడవిలోని గుంపు నుంచి నడిచి వచ్చే ఒక తమ్ముడు పక్కనే ఉన్నాడు. అతను ఏమీ అనలేదు. కానీ ఆ ప్రశ్న తనది కూడా అన్నట్టు మా ముఖం వైపు చూశాడు.

అక్కడ నిలబడి రెండు మాటల్లో జవాబు చెప్పలేకపోయాం. అందుకే ఈ వారం కూర్చుని రాస్తున్నాం. కొంచెం ఓపిగ్గా చదవండి.

రాజు గదిలోని మాట బయటికి పొక్కడం కొత్త సంగతి కాదు. రెండవ రాజుల గ్రంథం ఆరవ అధ్యాయం తీసి చూడండి. సిరియా రాజు ఎక్కడ మాటు వేయాలో తన సేవకులతో రహస్యంగా ఆలోచన చేస్తాడు. ఆ కబురు ఎలీషా ద్వారా ఇశ్రాయేలు రాజుకు ముందే అందుతుంది. ఒకసారి కాదు, రెండుసార్లు కాదు. చివరికి సిరియా రాజుకు నిద్ర పట్టలేదు. తన సొంత మనుషులనే పిలిచి, మనలో శత్రువు పక్షాన ఉన్నవాడెవడని నిలదీశాడు. నిజానికి వారిలో ద్రోహి ఒక్కడూ లేడు. రహస్యం పొక్కిన ప్రతి రాజు మొదట అనుమానించేది తన ఇంటివాళ్లనే అని ఆ కథ చెబుతోంది. ఆ కథ ముగింపు చాలామందికి గుర్తుండదు. చివర్లో మళ్లీ దాని దగ్గరకు వద్దాం.

ముందు మన అడవి సంగతి. 2005 జూన్‌లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలైంది. మావోయిస్టులకు, సల్వాజుడుం వాళ్లకు మధ్య నలిగిపోయి దంతెవాడ, బీజాపూర్ వైపు పల్లెలు ఖాళీ అయ్యాయి. వేలాది కుటుంబాలు సరిహద్దు దాటి చర్ల, దుమ్ముగూడెం, చింతూరు అడవుల్లోకి, అక్కడి నుంచి గోదావరి దాటి ఇంకా లోపలికి వచ్చాయి. మనం వాళ్లను గొత్తికోయలంటాం. సల్వాజుడుం రాజ్యాంగానికి విరుద్ధమని 2011 జూలై 5న సుప్రీంకోర్టు తేల్చింది. అప్పటికే ఆరేళ్లు గడిచాయి. వాళ్ల పిల్లలు ఇక్కడే పుట్టి తెలుగు నేర్చుకున్నారు.

వీళ్లు పరదేశులు కారు. భారత పౌరుడు దేశంలో ఎక్కడైనా నివసించవచ్చని రాజ్యాంగం 19వ అధికరణ చెబుతోంది. అయినా అటవీ హక్కుల చట్టం పట్టా ఇవ్వాలంటే 2005 డిసెంబరు 13 నాటికే ఆ భూమి సాగులో ఉండాలి. ప్రాణం దక్కించుకోవడానికి ఆ తర్వాత పరుగెత్తుకొచ్చినవాడికి పట్టా లేదు. పట్టా లేని చోట గుడిసె ఆక్రమణ అవుతుంది, పోడు నేరమవుతుంది. పౌరుడై ఉండి కూడా పరదేశిలా బతకడమంటే ఇదే.

గీతలు కూడా ఎప్పుడూ ఒకచోట నిలవలేదు. భద్రాచలం డివిజన్ 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. తర్వాత ఖమ్మంలో కలిసింది. 2014లో చింతూరు, కూనవరం లాంటి మండలాలు మళ్లీ ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. మనిషి కదలకపోయినా సరిహద్దు కదిలిన నేల మనది.

ఇలాంటి చోట కబురు ముందే ఎలా వస్తుందో మీకు తెలుసు. జేసీబీ మాట్లాడుకున్న చోట, ట్రాక్టరు డ్రైవరు టీ తాగిన చోట, ఆఫీసులో పనిచేసేవాడి బంధువు నోట మాట జారుతుంది. "ఎల్లుండి ఫారెస్టోళ్లు వస్తారంట." ఆ మాట వినగానే తల్లులు గింజలు, గిన్నెలు, కోళ్లు, ఆధార్ కార్డులు చెట్ల మాటున దాచుకుంటారు. కబురు అందని చోట ఏమవుతుందో కూడా చూశాం. 2017 సెప్టెంబరులో తాడ్వాయి అడవిలోని జలగలంచలో గుడిసెలు కూల్చినప్పుడు ఆ కుటుంబాలు వానాకాలంలో ఆకాశం కింద మిగిలాయి.

అయితే రెండో వైపు చెప్పకపోతే మేము సత్యం చెప్పినట్టు కాదు. 2022 నవంబరు 22న చండ్రుగొండ మండలం బెండాలపాడు దగ్గర ఎర్రబోడులో, మొక్కల ప్లాంటేషన్ విషయంలో జరిగిన గొడవలో ఒక ఫారెస్టు రేంజరును నరికి చంపారు. ఆయన తన డ్యూటీ మీద వచ్చిన మనిషి. ఆయనకూ ఇల్లుంది, పిల్లలున్నారు. 2023లో కోర్టు ఇద్దరికి యావజ్జీవ శిక్ష వేసింది. ఆ హత్య తర్వాత గొత్తికోయలందరినీ ఛత్తీస్‌గఢ్‌కు పంపేయాలని పంచాయతీ తీర్మానం కూడా చేశారు. ఇద్దరి పాపం గుంపంతటి మీదా పడింది. ఆఫీసరు ఫలానా రోజు, ఫలానా దారిన వస్తాడన్న కబురు గిన్నెలు దాచుకునే తల్లి చేతికే అందుతుందన్న నమ్మకం లేదు. కొడవలి నూరుకునేవాడి చేతికి కూడా అందవచ్చు.

ఇప్పుడు పెద్దమ్మ అడిగిన అమెరికాకు వద్దాం. మన జిల్లా పిల్లలు వేలల్లో అక్కడున్నారు గనుక అది కూడా మన ఊరి సంగతే.

2018 ఫిబ్రవరి 24న కాలిఫోర్నియాలోని ఓక్లాండ్ మేయరు లిబ్బీ షాఫ్ బహిరంగంగా ఒక ప్రకటన చేసింది. ఇరవై నాలుగు గంటల్లో ఇమ్మిగ్రేషన్ అధికారులు దాడులు చేయబోతున్నారని తనకు తెలిసిందని, జనం తమ హక్కులు తెలుసుకోవాలని చెప్పింది. ఆ దాడుల్లో 232 మందిని పట్టుకున్నారు. మేయరు మాట వల్ల సుమారు 800 మంది నేరస్తులు తప్పించుకున్నారని, తమ ఆఫీసర్ల ప్రాణాలు ప్రమాదంలో పడ్డాయని పై అధికారులు మండిపడ్డారు. తర్వాత జరిగింది గమనించండి. ఆ శాఖ తరఫున పత్రికలతో మాట్లాడే జేమ్స్ ష్వాబ్ అనే ఉద్యోగి రాజీనామా చేశాడు. మేయరు చేసింది అతనికి నచ్చలేదు. కానీ ఆ సంఖ్య నిజం కాదని, అబద్ధం తన నోటితో చెప్పలేనని బయటికి వచ్చేశాడు. రెండు వైపులా ఎవరి కొమ్మూ కాయకుండా, సత్యం కోసం జీతం వదులుకున్న మనిషి.

2025 ఫిబ్రవరిలో కొలరాడో రాష్ట్రం డెన్వర్, అరోరా ప్రాంతంలో దాడులు జరిగాయి. వందమందికి పైగా ముఠా సభ్యుల కోసం వెళితే దొరికింది ముప్పై మంది దాకా. కబురు ముందే పొక్కిందని ప్రభుత్వం అంది. మొదట మంత్రి క్రిస్టీ నోయెమ్ ఎఫ్‌బీఐని వేలెత్తి చూపింది. ఆ తర్వాత తన సొంత శాఖ ఉద్యోగులకే అబద్ధాలు పసిగట్టే యంత్రంతో పరీక్షలు పెట్టింది. సిరియా రాజు గుర్తొస్తున్నాడా?

పొక్కిన రహస్యాల గురించి ఇంత గొడవ జరుగుతుంది. పొక్కని రహస్యం గురించి కూడా ఒక మాట చెప్పాలి. మిషిగన్ రాష్ట్రంలో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అని ఒకటి ఉండేది. వెబ్‌సైటు ఉంది, ఆఫీసు ఉంది, ప్రభుత్వ జాబితాలో పేరుంది. పాఠం లేదు, పంతులు లేడు. దాన్ని నడిపింది అమెరికా ప్రభుత్వమే. వీసా మోసాలను పట్టుకోవడానికి వేసిన వల అది. కొన్నేళ్లపాటు ఒక్క మాట బయటికి రాలేదు. 2019 జనవరి చివర్లో బయటపడేసరికి 600 మందికి పైగా అందులో చేరి ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది మన తెలుగు పిల్లలే. మొదట పట్టుకున్న 130 మందిలో 129 మంది భారతీయులు. విద్యార్థులను చేర్పించిన ఎనిమిది మంది దళారులు, వాళ్లూ మనవాళ్లే, నేరం ఒప్పుకున్నారు. చదువు లేదని తెలిసే చేరారని ప్రభుత్వం అంది. నిజమని నమ్మి ఫీజు కట్టామని చాలామంది పిల్లలు అన్నారు. ఫీజు కోసం వేసిన దావా నడవవచ్చని 2024 జూన్‌లో అప్పీలు కోర్టు చెప్పింది. అంతకు ముందు 2011లో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు కూడా మన పిల్లలే చిక్కుకున్నారు. కొందరి కాళ్లకు రేడియో పట్టీలు కట్టారు. అది ప్రభుత్వం వేసిన వల కాదు, యజమానురాలు చేసిన మోసం. అందుకు ఆమెకు 16 ఏళ్ల జైలు పడింది.

రహస్యం పొక్కితే కొందరు తప్పించుకుంటారు, పొక్కకపోతే కొందరు అమాయకులు కూడా చిక్కుతారు. మరి దేనితో తూకం వేయాలి?

ఇక్కడ చరిత్రలోంచి ఒక మనిషిని మీ ముందు నిలబెడతాం. పేరు గియోర్గ్ డక్విట్జ్. జర్మనీవాడు, నాజీ పార్టీ సభ్యుడు, కోపెన్‌హేగెన్‌లోని జర్మన్ కార్యాలయంలో ఓడల వ్యవహారాలు చూసే అధికారి. 1943 అక్టోబరు 1 రాత్రి డెన్మార్క్‌లోని యూదులందరినీ పట్టుకుని ఓడలెక్కిస్తారని అతనికి తెలిసింది. సెప్టెంబరు 28న అతను హాన్స్ హెడ్‌టోఫ్ట్ అనే డెన్మార్క్ నాయకుడికి ఆ తేదీ చెప్పేశాడు. మర్నాడు ఉదయం సమాజమందిరంలో రబ్బీ మార్కస్ మెల్కియోర్ ఆరాధన ఆపి, వెంటనే వెళ్లి దాక్కోండి, మీకు తెలిసినవారందరికీ చెప్పండి అని జనాన్ని పంపేశాడు. పొరుగువాళ్లు తలుపులు తీశారు, జాలరులు పడవలు విప్పారు. ఏడు వేల మందికి పైగా సముద్రం దాటి స్వీడన్ చేరారు. సుమారు 470 మంది మాత్రం దొరికిపోయారు. అక్టోబరు 3 ఆదివారం డెన్మార్క్ బిషప్పుల నిరసన లేఖను దేశమంతటా చర్చిల్లో చదివారు. 1971లో యూదులు డక్విట్జ్‌ను నీతిమంతుల జాబితాలో చేర్చి గౌరవించారు.

అయితే ప్రియులారా, ఈ కథను పట్టుకుని ప్రతి దాడికీ అంటించకండి. అక్కడ ఓడ చివర చావు ఉంది. ఆ యూదులకు చెప్పుకోవడానికి కోర్టు లేదు, అడగడానికి లాయరు లేడు. వారెంటుతో, జడ్జి ముందు నిలబెట్టే ఉద్దేశంతో ఒక హంతకుడి కోసం వెళ్లే ఆఫీసరు, ఆ రాత్రి కోపెన్‌హేగెన్ వీధుల్లో తిరిగిన సైనికుడు ఒకటి కారు. వాళ్లిద్దరినీ ఒకే గాట కట్టడం కూడా అబద్ధ సాక్ష్యమే.

పెద్దమ్మకు, ఆ తమ్ముడికి మా జవాబు ఇది. కబురు చేతికి వచ్చినప్పుడు మూడు సంగతులు అడగండి. ఇది ఎవరి ప్రాణం కాపాడుతుంది? ఇది ఎవరి ప్రాణం తీయగలదు? పట్టుబడినవాడు తన మాట చెప్పుకోవడానికి ఒక తలుపైనా తెరిచి ఉందా? ఆ తలుపు మూసేసిన చోట ముందే చెప్పిన మాట దయ అవుతుంది. తలుపు తెరిచి ఉన్న చోట మనం చూపించాల్సింది ఆ తలుపునే, పారిపోయే దారిని కాదు.

అధికారంలో ఉన్న మన సహోదరులకు కూడా ఒక మాట. నోటీసు ఇచ్చి, గ్రామసభలో చెప్పి, ఇల్లు పోయేవాడు ఎక్కడికి వెళ్లాలో చూపించి చేసే పనిలో పొక్కడానికి ఏముంటుంది? హక్కుల విచారణ పూర్తికాకుండా ఎవరినీ ఖాళీ చేయించరాదని అటవీ హక్కుల చట్టమే చెబుతోంది. నేరస్తుణ్ణి పట్టుకోవడానికి రహస్యం కావాలి, ఒప్పుకుంటాం. పిల్లల తల్లి గుడిసె తీయడానికి రహస్యం ఎందుకు?

పిల్లలు అమెరికాలో ఉన్న తల్లిదండ్రులారా, దళారి మాట నమ్మి కాలేజీ మార్చవద్దని చెప్పండి. తరగతి జరగని చోట ఫీజు కట్టవద్దని చెప్పండి. మంచి లాయరు నంబరు దగ్గర పెట్టుకోమనండి. ఫలానా చోట దాడులంట అని వాట్సాప్‌లో వచ్చే ప్రతి మెసేజీని ముందుకు తోయకండి. అబద్ధపు కబురు కూడా మనుషులను రాత్రికి రాత్రే ఇళ్లు విడిచి పరుగెత్తిస్తుంది.

ఇప్పుడు ఎలీషా కథ ముగింపు. పట్టుకోవడానికి వచ్చిన సిరియా దండు చూపు పోయి, షోమ్రోను నడిబొడ్డున దొరికిపోయింది. చంపమంటావా అని ఇశ్రాయేలు రాజు ఆత్రపడ్డాడు. ప్రవక్త వద్దన్నాడు. వాళ్ల ముందు భోజనం పెట్టి, నీళ్లిచ్చి, ఇంటికి పంపమన్నాడు. రాజు గొప్ప విందు చేశాడు. ఆ తర్వాత ఆ దండులు ఆ దేశం మీదికి రావడం మానేశాయి. ముందే అందిన కబుర్లు అన్నిసార్లు ప్రాణాలు కాపాడాయి గానీ, దాడులను ఆపింది మాత్రం ఆ ఒక్క పూట భోజనం.

వచ్చే ఆదివారం గుంపు నుంచి వచ్చే ఆ తమ్ముడి కుటుంబం కోసం, కర్తవ్యంలో ప్రాణం పోగొట్టుకున్న ఆ రేంజరు ఇంటివారి కోసం ఒకే ప్రార్థనలో మోకరిద్దాం. ఆరాధన తర్వాత భోజనం ఉంటుంది. అందరూ ఉండి తిని వెళ్లండి.

ప్రభువు కృప మీకు తోడైయుండును గాక. ఆమేన్.