గడప దాటితే ముల్కీ

1970లో తెనాలి నుంచి సిద్దిపేటకి కోడలిగా వచ్చాను. ఏ ముహూర్తాన వచ్చానో గాని, ఊరంతా తెలంగాణ మాటే! అక్కడి ఉపఎన్నికలో ప్రజాసమితి తరఫున మదన్‌మోహన్‌గారు గెలిచిన సంవత్సరం అది. "వచ్చినోళ్లు మన నౌకర్లు గుంజుకున్నరు" అని అరుగుల మీద వాదనలు. నోరు విప్పితే నా యాస పట్టేస్తారని, కూరగాయల దగ్గర వేళ్లతోనే బేరమాడేదాన్ని.

మా మామగారు వకీలు దగ్గర గుమస్తా. ఆ కథంతా ఆయనే చెప్పారు. నిజాం కొలువుల్లోకి ఉత్తరాదివాళ్లు వచ్చిపడుతున్నారని స్థానికులు గోలపెడితే, 1919లో ఫర్మానా వచ్చిందిట. ఉద్యోగం కావాలంటే ముల్కీ అయి ఉండాలి. పైవాడైతే పదిహేనేళ్లు ఇక్కడ కాపురముండి, సొంతూరికి తిరిగిపోయే తలంపు వదులుకున్నానని ప్రమాణపత్రం ఇవ్వాలి. 1948 తర్వాత మద్రాసు వైపు నుంచి వచ్చినవాళ్లు కొందరు దొంగ ముల్కీ సర్టిఫికెట్లు పుట్టించారని గొడవ. 1952 సెప్టెంబరులో హైదరాబాదు సిటీ కాలేజీ దగ్గర కాల్పులు జరిగి ప్రాణాలే పోయాయి.

"మరి నేనో?" అన్నాను బెరుగ్గా.

"ముల్కీ భార్య ముల్కీయేనమ్మా. నీకు పదిహేనేండ్లు అక్కర్లేదు" అన్నారాయన.

"కడప దాటినవ్, ఇగ నువ్వు మా దానివే బిడ్డా" అంది అత్తయ్య. తిరిగిపోయే తలంపు అంటారా, అది అరుంధతిని చూపించినప్పుడే వదులుకున్నాం కదండీ!

1972 అక్టోబరులో ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆంధ్రలో మంటలు. పుట్టింటి ఉత్తరాల నిండా జై ఆంధ్ర. సరిగ్గా అప్పుడే మా ఆడబిడ్డకి గుంటూరు సంబంధం వచ్చింది. టీచరు ట్రైనింగ్ అయిన పిల్ల. మామగారు నిబంధనలు తిరగేస్తే మరో వాక్యం కనిపించింది. ముల్కీ స్త్రీ పైవాణ్ణి పెళ్లాడితే ముల్కీతనం పోతుంది. భర్త పోయి, తిరిగొచ్చి స్థిరపడితే మళ్లీ వస్తుంది! ఆయన కళ్లజోడు తీసి పక్కన పెట్టారు.

"ఈడ పుట్టిన నేనేమో పరాయిదాన్నయిత. తెనాలి వదినేమో ఈడిదయ్యింది" అంది ఆడబిడ్డ. నా మీద కోపంతో కాదు. అయినా తలెత్తలేకపోయాను. స్థానికులకి ఉద్యోగాలు కావాలనడం న్యాయమేనని నాకు అప్పుడూ ఇప్పుడూ అనిపిస్తుంది. ఆడదాని ఊరు మొగుణ్ణి బట్టి మారడమే మింగుడుపడలేదు.

1973లో ఆరుసూత్రాల పథకం వచ్చి ముల్కీ నిబంధనలు పోయాయి. 1975 రాష్ట్రపతి ఉత్తర్వుతో స్థానికతకి చదివిన చోటు, నివాసమున్న చోటు కొలతలయ్యాయి. ఈలోగా గుంటూరు సంబంధం తప్పిపోయింది. ఆడబిడ్డ కరీంనగర్ కోడలయింది.

ఆ అబ్బాయి ఫోటో మాత్రం మామగారి ఇనప్పెట్టెలో, నిబంధనల నకలు కింద ఇప్పటికీ ఉంది.