నీళ్లున్న చోటే పొయ్యి

1830 మే 18న ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు నుంచి కాశీకి బయలుదేరారు. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటరు. వెంట ఇంటివాళ్లు, పరివారం, పల్లకి మోసే బోయీలు, గుడారాలు, అంతా కలిసి నూరు మంది దాకా ఉన్నారు. తిరుపతి మీదుగా బాలపల్లె కనుమ దాటి కోడూరు, నందలూరు, ఒంటిమిట్ట, కడప చేరారు. అక్కణ్నుంచి అహోబిలం, మహానంది, ఆత్మకూరు, శ్రీశైలం. వానలు ఇంకా పట్టందుకోని రోజుల్లో, నీటికి కటకటలాడే సీమ గుండా నూరు మందికి పూటపూటా వండిపెట్టుకుంటూ పోవడమంటే మాటలు కాదు.

ఈ ప్రయాణం గురించి ఆయన రాయగా 1838లో అచ్చయిన ‘కాశీయాత్ర చరిత్ర’ను చాలామంది క్షేత్రాల వర్ణన కోసం చదువుతారు. వంట సంగతులు వెతుక్కుంటూ చదివితే అది మరో పుస్తకంలా కనిపిస్తుంది. మజిలీ వచ్చిందంటే చాలు, ఊళ్లో అంగళ్లున్నాయా, సామాన్లు దొరుకుతాయా, దిగడానికి చోటుందా, నీళ్ల వసతి ఎట్లా ఉంది అని రాసుకుంటూ పోతారు. తన వెనక వచ్చే బాటసారి ఎక్కడ ఎసరు పెట్టుకోవచ్చో తెలియాలన్న తపన అది. మనకు మిగిలిన గొప్ప ప్రయాణ రచనల్లో దీనికి అంత విలువ రావడానికి ఆ శ్రద్ధే కారణం.

బియ్యం తినేవాళ్లకు ఈ దారి మరీ కష్టం. కడప, కర్నూలు మెట్ట పల్లెల్లో తిండంటే జొన్న, కొర్ర, రాగి. వరి చెరువుల కింద మడుల్లోనే పండేది. పైగా ఆనాటి కులాచారం ప్రకారం ఒక బిడారంలో ఒక్క పొయ్యితో సరిపోదు. మడి వంట ఒకవైపు, బోయీల వంట ఇంకోవైపు. పొయ్యిలు పెరిగేకొద్దీ కట్టెలూ, కడవల నీళ్లూ పెరుగుతాయి.

ఈ నేలమీదే పుట్టి పెరిగిన వాళ్ల పద్ధతి వేరు. మందలు తోలుకొని మేతకు పోయే గొల్లలకు, కురుబలకు మూడు రాళ్లు, ఒక కుండ, ఒక సంగటికట్టె ఉంటే చాలు. ఎసరు కాగాక నూకలు పోసి, అవి మెత్తబడినాక రాగిపిండి కుప్పగా పోసి మూత పెడతారు. పిండి ఉడికినాక కుండ కదలకుండా అదిమిపట్టి, ఉండలు కట్టకుండా కట్టెతో కెలుకుతారు. చేతికి నీళ్లు అద్దుకొని, వేడి మీదే ముద్దలు చేస్తారు. పక్కన రాతిమీద నూరిన మిరపకాయల ఊరిబిండి. కర్నూలు వైపు జొన్నరొట్టె ఇంకా నమ్మకమైన సద్ది. బాగా ఎండబెట్టిన రొట్టె రోజుల తరబడి చెడదు, దారిలో పొయ్యి వెలిగించే పనే ఉండదు. ఉగాదికి కర్ణాటక నుంచి కాలినడకన శ్రీశైలం వచ్చే భక్తుల మూటల్లో ఆ రొట్టెలూ, పొడులూ నేటికీ ఉంటాయి.

వీరాస్వామయ్య వెళ్లిన దారిలో ఆత్మకూరు దాటితే నల్లమల అడవి. నాగలూటి కోనేరు, పెద్దచెరువు, భీముని కొలను... పాతదారిలో జనం ఆగే చోట్లన్నీ నీటి పట్టులే. అప్పట్లో ఆ ప్రాంతం కందనవోలు (కర్నూలు) నవాబుది. శ్రీశైలం మల్లన్న దర్శనానికి వచ్చేవాళ్ల దగ్గర నవాబు మనుషులు పన్ను గుంజేవారు. వీరాస్వామయ్య ఆ సంగతినీ దాచకుండా రాశారు. 1839లో ఇంగ్లీషువాళ్లు నవాబు గులాం రసూల్ ఖాన్‌ను దించేసేదాకా అతని సీమ ఈస్టిండియా కంపెనీ చేతికి నేరుగా రాలేదు.

నీళ్లు దొరికినంత మాత్రాన గండం గడిచినట్టు కాదు. వీరాస్వామయ్య ఈ దారి పట్టడానికి మూడేళ్ల ముందే, 1827 జులై 6న, మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో పత్తికొండ బిడారంలో కలరాతో చనిపోయాడు. అంతకుముందే కంపెనీ కిందికి వచ్చిన దత్తమండలాలకు 1800 నుంచి 1807 దాకా కలెక్టరుగా ఉండి, ఏళ్లకేళ్లు గుడారాల్లోనే కాపురం చేసిన మనిషి. ఈ పల్లెలూ బావులూ అంతగా ఎరిగినవాడికే తప్పలేదు. కలరా నీళ్ల ద్వారా వస్తుందన్న సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు. అతని గుర్తుగా ప్రభుత్వం పత్తికొండలో మెట్లబావి తవ్వించి తోపు నాటించింది. బాటసారులు నడిచే సీమలో అంతకంటే పనికొచ్చే స్మారకం ఉండదు.

ఇప్పుడు శివరాత్రికీ ఉగాదికీ నల్లమల దారిలో దాతలే అన్నం పెడుతున్నారు, మంచినీళ్లు పోస్తున్నారు. పొయ్యి మోసుకుపోవాల్సిన అవసరం లేదు, ఆ పని చేయకూడదు కూడా. 1983 నుంచి ఆ అడవి పులుల అభయారణ్యం, ఎండాకాలంలో ఒక్క నిప్పురవ్వ చాలు అడవి అంటుకోవడానికి. ఆ దారిన నడిచేవాళ్లు సద్ది ఇంట్లోనే కట్టుకొని పోవాలి. తిన్న విస్తరి, తాగిన సీసా కొలను గట్టున పారేయకుండా వెనక్కి తెచ్చుకోవాలి. అటవీ, దేవాదాయ శాఖలు జాతరకు ముందే పాత బావులకూ కోనేళ్లకూ పూడిక తీయించాలి.