ఫ్రెంచి వేషధారణ ముద్రాచిత్రాలు: ఆంధ్ర సాంఘిక చరిత్రకు వాటి సాక్ష్యవిలువ

1. ఉపోద్ఘాతం

తెలుగువారి వేషధారణ చరిత్రను పరిశీలించే వారికి 18, 19 శతాబ్దాల ఫ్రెంచి ముద్రాచిత్రాలు విలువైన ఆకరాలు. అయితే రాగిరేకు మీద చెక్కి, కాగితం మీద అచ్చొత్తి, చేతితో రంగులద్దిన ఈ చిత్రాలు సాధారణంగా ఒక్కరి సృష్టి కావు. గీసిన చేయి ఒకటి, చెక్కిన చేయి మరొకటి. ఈ భేదాన్ని గుర్తించకుండా వాటిని సాక్ష్యంగా స్వీకరిస్తే కట్టుతీరును గురించిన నిర్ణయాలు తారుమారవుతాయి.

2. చిత్రకారులు, చెక్కినవారు

ప్రకృతి శాస్త్రజ్ఞుడు పియెర్ సొనెరా (1748–1814) 1774 నుండి 1781 వరకు ఆసియా దేశాలలో పర్యటించి, తన యాత్రాగ్రంథాన్ని 1782లో పారిస్‌లో రెండు సంపుటాలుగా ప్రకటించాడు. అందులో 140 చిత్రఫలకాలున్నాయి. దేవతామూర్తులతో పాటు వృత్తిపనివారూ అందులో కనిపిస్తారు. ఫలకాల అడుగున సొనెరా పేరు పక్కన ‘గీసినవాడు’ అనీ, ప్వాసోన్ పేరు పక్కన ‘చెక్కినవాడు’ అనీ అర్థమిచ్చే లాటిన్ పదాల సంక్షిప్తరూపాలుంటాయి. ఇందుకు భిన్నంగా, జాక్ గ్రాసె ద సాన్‌సోవేర్ (1757–1810) సకలదేశాల వేషాల సంపుటాలను ప్రధానంగా ఇతరుల రచనల ఆధారంగా కూర్చాడు. 1827–35 మధ్య వెలువడిన ‘ఫ్రెంచి ఇండియా’ శిలాముద్రణ చిత్రసంపుటానికి వివరణ రాసిన యూజేన్ బుర్నూఫ్ గొప్ప సంస్కృత పండితుడే అయినా భారతదేశానికి రానేలేదు.

3. కుడి ఎడమల సమస్య

రేకు మీద ఉన్న బొమ్మ కాగితం మీద అద్దంలో వలె తిరగబడి పడుతుంది. చెక్కేవాడు ముందే తిప్పి చెక్కకపోతే ఎడమ భుజం కుడి భుజమవుతుంది. శిలాముద్రణలోనూ ఇదే ఇబ్బంది. పారిస్ పాఠకునికి ఇది పట్టింపు కాదు. తెలుగు పరిశోధకునికి మాత్రం కీలకం. ఎడమ భుజం మీది యజ్ఞోపవీతం కుడి భుజం మీదికి మారితే, నిత్యజీవనంలోని మనిషి పితృకార్యంలో ప్రాచీనావీతిగా ఉన్నట్టు కనిపిస్తాడు. పైట దిక్కు మారినా ఒక ప్రాంతపు ప్రత్యేక ఆచారంగా పొరబడవచ్చు. దీనికి సులభమైన పరీక్ష ఉంది: ఒకే గ్రంథంలోని పనివారు ఎక్కువమంది ఎడమచేత్తో సుత్తి పట్టి ఉంటే ఆ ఫలకాలు తిరగబడ్డాయని అనుమానించాలి. రంగుల విషయంలోనూ జాగ్రత్త అవసరం. చేతితో అద్దినవి కనుక ఒకే చిత్రపు రెండు ప్రతులలో చీర రంగు వేరుగా ఉండవచ్చు.

4. స్థల సమస్య

ఫ్రెంచివారు 1669లో మచిలీపట్నంలో వర్తక స్థావరం నెలకొల్పారు. తరువాతి కాలంలో యానాం వారి వశమైంది. అయినా వారి ప్రధాన కేంద్రం పుదుచ్చేరియే. అందుచేత ‘కోరమాండల్ తీరం’ అన్న శీర్షిక కింద తమిళ, తెలుగు జనుల వేషాలు కలగలిసిపోయే అవకాశముంది. 1970 వరకు నెల్లూరు జిల్లాలో ఉండి, పిమ్మట ప్రకాశం జిల్లాలో చేరిన పొదిలి వంటి లోపలి మెట్టప్రాంతాలు ఈ రేవుపట్టణాల చూపునకు దూరం. తీరప్రాంతపు ముద్రాచిత్రాన్ని పొదిలి రైతు వేషానికి నిదర్శనంగా చూపాలంటే స్థానిక ఆధారం తోడుండాలి. ఆలయశిల్పం, కైఫీయతు, వృద్ధుల మౌఖిక కథనం అందుకు పనికివస్తాయి.

5. ముగింపు

ఈ చిత్రాలలో చెక్కినవాని పేరు నిలిచింది. ఎదుట నిలబడిన నేతగాని పేరు, ఊరు నిలవలేదు. అతడు ఒక వ్యక్తిగా కాక ఒక కులానికో వృత్తికో నమూనాగా మిగిలాడు. కనుక సిద్ధాంతగ్రంథాలలో ఇటువంటి చిత్రాన్ని చేర్చేటప్పుడు గీసినవారు, చెక్కినవారు, ముద్రణ సంవత్సరం, కుడి ఎడమల నిర్ధారణ అనే నాలుగు వివరాలు తప్పక ఇవ్వాలి. అవి లేనప్పుడు ఆ చిత్రం అలంకారమే తప్ప ఆకరం కాదు.